స్టెంట్ ప్రాణం కోసమా, నొప్పి కోసమా?

యాంజియోగ్రామ్ అయిన కాసేపటికి ఇంట్లోవాళ్లను లోపలికి పిలుస్తారు. కంప్యూటర్ తెర మీద గుండె కొట్టుకుంటూ ఉంటుంది. దాని మీద అల్లుకున్న రక్తనాళాల్లోకి రంగుమందు వెళ్లగానే అవి చెట్టు వేళ్లలా నల్లగా తేలుతాయి. ఒకచోట ఆ గీత సన్నబడి, దారప్పోగులా మారి, మళ్లీ మామూలుగా సాగిపోతుంది. డాక్టర్ పెన్ను కొన అక్కడ పెట్టి "ఇదిగో, ఇక్కడ 80 శాతం" అంటారు. ఆ మాట విన్నాక ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. "స్టెంట్ వేస్తే గండం గడిచినట్టేనా సార్?" అన్న ప్రశ్న తప్ప ఇంకోటి నోటికి రాదు.

ఈ ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు లేదు. రోగి ఏ పరిస్థితిలో వచ్చాడన్న దాన్ని బట్టి అది మారిపోతుంది. గుండెపోటుతో వచ్చిన మనిషిలో ఉన్నట్టుండి రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోయి ఉంటుంది. దాని అవతల గుండె కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. నాళాన్ని ఎంత తొందరగా తెరిస్తే అంత కండరం మిగులుతుంది. అక్కడ స్టెంట్, అంటే నాళాన్ని తెరిచి ఉంచే చిన్న లోహపు జాలీ గొట్టం, ప్రాణం నిలబెడుతుంది, అందులో రెండో మాట లేదు. ఇంకో రకం రోగి ఉంటాడు. మెట్లెక్కినా, గబగబా నడిచినా ఛాతీ పట్టేసినట్టవుతుంది. కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. నెలల తరబడి ఇదే తంతు, పెద్దగా పెరగదు, పూర్తిగా పోదు. డాక్టర్లు దీన్ని స్టేబుల్ యాంజైనా, అంటే నిలకడ నొప్పి, అంటారు. ఇద్దరికీ వేసేది అదే స్టెంట్. చూపించేది అదే రకం బొమ్మ. ఇంటికొచ్చాక చుట్టాలతో చెప్పుకునేది కూడా అదే మాట: "టైమ్‌కి స్టెంట్ వేశారు, బతికి బయటపడ్డాడు." రెండో రకం రోగి విషయంలో ఆ మాట ఎంతవరకు నిజమో పెద్ద ఎత్తున పరీక్షించి చూడడానికి వైద్యశాస్త్రానికి 30 ఏళ్లు పట్టింది.

కళ్లముందు పూడిక కనిపిస్తుంటే తీసేయడానికి మళ్లీ పరీక్షలెందుకు అనిపించడం సహజమే. కానీ గుండె వైద్యం చరిత్రలో ఈ నమ్మకం ఒకటికి రెండుసార్లు గట్టిగా దెబ్బతింది. 1950లలో అమెరికాలో ఛాతీ నొప్పికి ఒక చిన్న ఆపరేషన్ చేసేవారు. ఎదురు రొమ్ము ఎముక పక్కనుంచి కిందికి దిగే ధమనిని ముడివేసి కట్టేస్తే, ఆ దారిన పోయే రక్తం పక్క దారులు పట్టి గుండెకు చేరుతుందని ఆలోచన. వినడానికి సబబుగానే ఉంది. చేయించుకున్నవాళ్లలో చాలామంది నొప్పి తగ్గిందన్నారు. మాత్రలు తగ్గించారు, ఎక్కువ దూరం నడిచారు. 1959లో సియాటిల్‌కు చెందిన లియొనార్డ్ కాబ్, ఆయన సహచరులు 17 మంది రోగుల మీద దీన్ని పరీక్షించారు. అందరికీ చర్మం కోశారు. 8 మందికి ధమని కట్టారు, 9 మందికి ఏమీ కట్టకుండా కుట్లేశారు. రెండు వైపులా నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది. ఆ తర్వాత ఆ ఆపరేషన్ కనుమరుగైంది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఉత్తుత్తి ఆపరేషన్ జరిగిన ఆ రోగులు అబద్ధం చెప్పలేదు. వాళ్ల నొప్పి నిజం, అది తగ్గడమూ నిజమే. తగ్గడానికి కారణం ఆ ముడి కాదు, అంతే. ఏదో పెద్ద వైద్యం జరిగిందన్న ధైర్యం, డాక్టర్ మీద గురి, కాలం గడిచేకొద్దీ నొప్పి తనంతట తాను సద్దుమణగడం, ఇవన్నీ కలిసి ఆపరేషన్ ఖాతాలో పడ్డాయి. ఒక చికిత్స పనితనం తెలియాలంటే వీటన్నిటినీ విడదీయాలి. సగం మందికి అసలు చికిత్స, సగం మందికి దాన్నే పోలిన ఉత్తుత్తి చికిత్స ఇచ్చి, ఎవరికి ఏది అందిందో రోగికీ, ఫలితం రాసేవారికీ తెలియకుండా ఉంచడం తప్ప ఇంకో దారి లేదు.

రెండో దెబ్బ ఇంకా బాధాకరమైనది. గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్లలో కొందరికి గుండె మధ్యమధ్యలో లయ తప్పి అదనంగా కొట్టుకుంటుంది. అలాంటివాళ్లకు హఠాత్తుగా చనిపోయే ముప్పు ఎక్కువని తెలుసు. కాబట్టి ఆ అదనపు స్పందనలను మందుతో అణిచేస్తే ప్రాణం దక్కుతుందని అనుకున్నారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు వాడితే ఈసీజీ నిజంగానే శుభ్రంగా వచ్చేది. క్యాస్ట్ అనే పరిశోధనలో ఈ మందుల్ని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో చనిపోయింది 26 మంది. ప్రమాదం బయటపడగానే, 1989లో ఆ రెండు మందుల మీద పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఈసీజీ కాగితం మీద గీతలు చక్కబడ్డంత మాత్రాన మనిషికి మంచి జరిగినట్టు కాదని గుండె డాక్టర్లు చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నారు.

ఇదే పద్ధతి చవకైన మందుల విలువను కూడా బయటపెట్టింది. 1988లో వెలువడిన ఐసిస్-2 పరిశోధనలో 417 ఆసుపత్రులకు చెందిన 17,187 మంది గుండెపోటు రోగులున్నారు. రోజుకు సుమారు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నెలరోజులు వేసుకున్నవాళ్లలో, గుండె, రక్తనాళాల జబ్బుతో మొదటి ఐదు వారాల్లో చనిపోయినవారు 9.4 శాతం. వేసుకోనివాళ్లలో 11.8 శాతం. గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్‌ను కూడా జతచేస్తే మరణాలు 8 శాతానికి తగ్గాయి, రెండూ ఇవ్వనివాళ్లలో అవి 13.2 శాతం. పైసల్లో దొరికే తెల్ల మాత్ర అది.

ఆ పరిశోధన గురించి ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. ఏయే వర్గం రోగులకు ఎంత లాభమో విడివిడిగా చూపించమని పత్రిక సంపాదకులు అడిగారు. అలా ముక్కలు చేసి చూస్తే తప్పుడు ఫలితాలు పుట్టుకొస్తాయని పరిశోధకుల అభ్యంతరం. అది రుజువు చేయడానికి రోగులను రాశుల వారీగా కూడా విడదీసి అచ్చువేశారు. పాశ్చాత్య లెక్కలో మిథున, తులా రాశుల వాళ్లకు ఆస్పిరిన్ పనిచేయలేదు, కాస్త చెరుపు కూడా చేసినట్టు తేలింది! మిగతా రాశులకు బ్రహ్మాండంగా పనిచేసింది. వేలమందిని కలిపి చూసినప్పుడు నిలబడే నిజం, వందల్లోకి చీల్చగానే ఎలా తారుమారవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇక స్టెంట్ల దగ్గరికి వద్దాం. 1977 సెప్టెంబర్‌లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మెలకువగా ఉన్న మనిషి గుండె నాళంలోకి చిన్న బెలూన్ పంపించి పూడికను వెడల్పు చేశారు. 1986లో మొదటి స్టెంట్లు మనుషులకు వేశారు. గుండెపోటు వైద్యాన్ని ఈ పనిముట్లు మార్చేశాయి. దాంతోపాటే, గుండెపోటు రాని, నిలకడ నొప్పి ఉన్నవాళ్లకూ లక్షల సంఖ్యలో స్టెంట్లు వేయడం మొదలైంది. వాళ్లకు ముందుముందు గుండెపోటు రాకుండా ఇది కాపాడుతుందని డాక్టర్లూ నమ్మారు, రోగులూ నమ్మారు.

2007లో కరేజ్ పరిశోధన ఫలితం వచ్చింది. అమెరికా, కెనడాల్లో 2,287 మంది. అందరికీ మందులు గట్టిగా ఇచ్చారు, సగం మందికి అదనంగా స్టెంట్ చికిత్స చేశారు. నాలుగున్నరేళ్లకు పైగా గమనించాక, చనిపోవడమో గుండెపోటు రావడమో జరిగినవాళ్లు స్టెంట్ వైపు 19 శాతం, మందుల వైపు 18.5 శాతం. తేడా లేదు. 37 దేశాల్లో 5,179 మందితో జరిగిన ఇస్కీమియా పరిశోధన 2019లో అదే చెప్పింది. అందులో మన దేశపు రోగులు కూడా ఉన్నారు. సగటున మూడేళ్లకు పైగా చూస్తే, యాంజియోగ్రామ్ చేసి అవసరమైతే స్టెంట్ గానీ బైపాస్ గానీ చేసిన వైపు 145 మంది చనిపోయారు. మందులతో మొదలుపెట్టి, అవి చాలనప్పుడే యాంజియోగ్రామ్‌కు వెళ్లిన వైపు 144 మంది.

ఎందుకిలా? పెద్ద పూడికను తెరిస్తే ప్రాణానికి మేలు జరగాలి కదా? గుండెపోటు చాలాసార్లు పుట్టేది యాంజియోగ్రామ్‌లో భయపెట్టే ఆ 80 శాతం ఇరుకు దగ్గర కాదు. నాళం గోడలో మెత్తగా, కొవ్వుతో నిండిన పొక్కు ఒకటి పైపొర చిట్లినప్పుడు దాని మీద రక్తం గడ్డకడుతుంది. ఆ పొక్కు అంతకుముందు దారికి పెద్దగా అడ్డం రాకపోయి ఉండొచ్చు కూడా. కాలువలో ఒకచోట పూడిక తీశాం కాబట్టి గట్టుకు ఇంకెక్కడా గండి పడదని అనుకోలేం. స్టెంట్ వేసిన ముక్క కొన్ని సెంటీమీటర్లే. జబ్బు మాత్రం నాళాల పొడుగునా ఉంటుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, బీపీ మాత్ర, పొగ మానేయడం లాంటివి ఆ పొడుగంతా పనిచేస్తాయి. యాంజియోగ్రామ్ బొమ్మ ఇరుకును చూపిస్తుంది గానీ గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో చూపించదు.

"ప్రాణం సంగతి సరే, నొప్పి తగ్గుతుంది కదా?" అన్నది డాక్టర్ల దగ్గర మిగిలిన వాదన. నిజానికి అది చిన్న విషయం కాదు. పెరట్లోకి నడవలేనివాడు సంతకు నడిచి వెళ్లగలగడం జీవితమే మారిపోవడం. కానీ 1959 నాటి అనుభవం ఉంది కాబట్టి ఇదీ తేల్చుకోవాల్సిందే. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన రషా అల్-లామీ, డారెల్ ఫ్రాన్సిస్ బృందం ఆ సాహసం చేసింది. దాని పేరు ఆర్బిటా.

ఒకే నాళంలో 70 శాతం, ఆపై పూడిక ఉన్న 200 మందిని తీసుకున్నారు. ముందు ఆరు వారాలు మందులు సరైన మోతాదుకు తెచ్చారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ క్యాథ్ ల్యాబ్ (యాంజియోగ్రామ్, స్టెంట్ చికిత్సలు చేసే గది) బల్ల మీద పడుకోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి పాటలు పెట్టారు, గదిలో మాటలు వినపడకుండా. నాళంలోకి సన్నటి ప్రెషర్ తీగ పంపి కొలతలు తీశారు. మత్తు ఇచ్చారు. అప్పుడు లాటరీ పద్ధతిలో స్టెంటా, ఉత్తుత్తి చికిత్సా అన్నది తేలుతుంది. ఉత్తుత్తి అని వస్తే రోగిని అలాగే కనీసం పావుగంట బల్ల మీద ఉంచి, ఏమీ చేయకుండా వార్డుకు పంపారు. వార్డులో చూసుకునే సిబ్బందికి కూడా ఏం జరిగిందో తెలియదు. 1959 నాటి రోగులకు తమకు ఉత్తుత్తి ఆపరేషన్ జరగొచ్చని చెప్పలేదు. ఆర్బిటా రోగులకు అంతా ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. అలా ఒప్పుకుని బల్లెక్కినవాళ్లకు ప్రపంచంలోని గుండె రోగులందరూ రుణపడి ఉన్నారు.

ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. స్టెంట్ వేసినవాళ్లు మునుపటికన్నా సగటున 28.4 సెకన్లు ఎక్కువ నడిచారు. ఏమీ వేయనివాళ్లు 11.8 సెకన్లు ఎక్కువ నడిచారు. మధ్యలో తేడా 16.6 సెకన్లు, అది కేవలం యాదృచ్ఛికంగానైనా రాగలిగినంత చిన్నది. నొప్పి తగ్గడంలోనూ గట్టి తేడా కనపడలేదు. నాళం తెరుచుకోలేదా అంటే శుభ్రంగా తెరుచుకుంది, ప్రెషర్ కొలతలు ఆ మాట చెప్పాయి. రక్తప్రవాహం బాగుపడింది, మందులు వాడుతున్న మనిషికి మాత్రం ఆ బాగు పెద్దగా తెలియలేదు.

2017 నవంబర్‌లో ఇది అచ్చయినప్పుడు, స్టెంట్లన్నీ డబ్బు గుంజడానికే అన్నట్టు అర్థం చేసుకున్నవాళ్లున్నారు. అది తప్పు, ప్రమాదకరం కూడా. అదే బృందం ఇంకో ప్రశ్నతో ముందుకెళ్లింది. నొప్పి మందులన్నీ ఆపేసి, కేవలం స్టెంట్‌తో చూస్తే? 2023లో వచ్చిన ఆర్బిటా-2లో 301 మంది ఉన్నారు. రోజూ తమకు ఎన్నిసార్లు నొప్పి వచ్చిందో ఫోన్‌లోని యాప్‌లో నమోదు చేశారు. 12 వారాల తర్వాత నొప్పి పూర్తిగా పోయినవాళ్లు స్టెంట్ వైపు 40 శాతం, ఉత్తుత్తి వైపు 15 శాతం. అంటే స్టెంట్ నొప్పిని నిజంగానే తగ్గిస్తుంది, అది భ్రమ కాదు. అయితే స్టెంట్ పడ్డాక కూడా ఐదుగురిలో ముగ్గురికి ఎంతో కొంత నొప్పి మిగిలే ఉంది. రెండు పరిశోధనలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. మందులు బాగా పనిచేస్తున్నవాళ్లకు స్టెంట్ అదనంగా ఇచ్చేది తక్కువ. మందులు పడనివాళ్లకు, రోజూ నాలుగైదు మాత్రలు మింగడం ఇష్టంలేనివాళ్లకు, మందులు వాడినా నొప్పి వేధిస్తున్నవాళ్లకు అది మంచి దారి. ఎంచుకోవాల్సింది రోగి. తెర మీది బొమ్మ కాదు.

ఈ లెక్కలు వర్తించనివాళ్లు కూడా ఉన్నారు. ఎడమవైపు ప్రధాన నాళం మొదట్లోనే పూడుకుపోయినవాళ్లను, గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్లను, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లను ఇస్కీమియా పరిశోధనలో చేర్చుకోలేదు. వాళ్ల సంగతి వేరుగా చూడాలి. కూర్చున్నా పడుకున్నా నొప్పి వస్తుంటే, రోజురోజుకీ ముదురుతుంటే అది నిలకడ నొప్పి కింద లెక్క కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

జబ్బును కనిపెట్టే పరీక్షల విషయంలోనూ ఇలాంటి పాఠమే ఉంది. స్కాట్లాండ్‌లో ఛాతీ నొప్పితో వచ్చిన 4,146 మందిలో సగం మందికి మామూలు పరీక్షలతో పాటు సీటీ యాంజియోగ్రామ్ కూడా చేశారు. ఐదేళ్లలో గుండె జబ్బుతో చనిపోయిన, లేదా గుండెపోటు వచ్చినవాళ్లు సీటీ వైపు 2.3 శాతం, రెండో వైపు 3.9 శాతం. ఐదేళ్ల లెక్కలో స్టెంట్లు, బైపాస్‌లు రెండు వైపులా దాదాపు సమానం. సీటీలో చిన్నచిన్న పొక్కులు కూడా బయటపడి, అలాంటివాళ్లకు స్టాటిన్, ఆస్పిరిన్ మొదలుపెట్టడమే తేడాకు ముఖ్య కారణంగా పరిశోధకులు చెప్పారు. బొమ్మ వల్ల మేలు జరిగింది, మాత్రల దారిలో.

తెలుగు నేల మీద ఈ విషయానికి ఇంకో కోణం ఉంది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, లక్షా 80 వేల జనాభాలో, ఏడాదిపాటు జరిగిన ప్రతి చావుకూ కారణం వెతికారు. ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇంటికి వెళ్లి, ఎప్పుడు నొప్పన్నారు, చెమటలు పట్టాయా, ఆయాసం వచ్చిందా అని ఇంట్లోవాళ్లను ఓపిగ్గా అడిగి రాసుకొచ్చారు. ఆ 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటువ్యాధుల వాటా 13 శాతం. పల్లెల్లో జనం జ్వరాలతో, విరేచనాలతో పోతారన్న పాత లెక్క అప్పటికే తిరగబడిపోయింది.

స్టెంట్‌ను సామాన్యుడికి అందించాలన్న తపన కూడా ఇక్కడ పాతదే. గుండె వైద్యులు డాక్టర్ సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి 1990లలోనే చవకైన దేశీ స్టెంట్ తయారు చేయించారు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టింది, మందు పూసిన స్టెంట్‌కు అప్పుడు 29,600 రూపాయలు. ఇవన్నీ మంచి పనులే. కానీ ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం కట్టినవి. స్టెంట్ పడ్డ తర్వాత ఏళ్ల తరబడి వేసుకోవాల్సిన మాత్రలకు అంత గట్టి ఏర్పాటు లేదు. మన దేశం కూడా ఉన్న ప్యూర్ అనే అధ్యయనం 2011లో చూపించిన సంగతి కలవరపెడుతుంది. అల్పాదాయ దేశాల్లో, అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో వచ్చిందని చెప్పినవాళ్లలో 80.2 శాతం మంది నిరూపితమైన ఆ మందుల్లో ఒక్కటి కూడా వాడటం లేదు. మనల్ని కూడా అందులో ఆ వర్గంలోనే లెక్కించారు. నాలుగు నెలలు వాడి, "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని ఆపేసే మాత్రల డబ్బా ప్రతి వీధిలోనూ ఒక ఇంటి అలమరాలో ఉంటుంది.

ఇక నిజంగా ప్రాణం మీదికొచ్చేది గుండెపోటు. అక్కడ శాస్త్రానికి సందేహం లేదు, తొందర ఒక్కటే మందు. క్యాథ్ ల్యాబ్ దూరమైతే ముందు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాత యాంజియోకు పంపినా ఫలితం దాదాపు అంతే బాగుంటుందని 1,892 మందితో జరిగిన స్ట్రీమ్ పరిశోధన 2013లో చూపించింది. నొప్పి మొదలైన మూడు గంటల్లోపు వచ్చి, గంటలోపు స్టెంట్ అందే వీల్లేనివాళ్ల మీద చేసిన పరీక్ష అది. ఏరియా ఆసుపత్రుల్లో ఈసీజీ తీసి, పెద్ద ఆసుపత్రిలోని డాక్టర్‌కు పంపి, అక్కడికక్కడే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మొదలైంది. దాని మీద పెట్టే ప్రతి రూపాయికీ వెనక ఇంత పరిశోధన ఉంది.

మన దేశంలోని 89 ఆసుపత్రుల్లో, గుండెపోటుతోనో దానికి దగ్గరి స్థితిలోనో చేరిన 20,468 మంది వివరాలతో క్రియేట్ అనే అధ్యయనం 2008లో వచ్చింది. అందులో నెల తిరిగేలోపు చనిపోయినవాళ్లు డబ్బున్నవాళ్లలో 5.5 శాతం, పేదల్లో 8.2 శాతం. వైద్యం అందడంలో ఉన్న తేడాను లెక్కలోంచి తీసేస్తే ఆ అంతరం దాదాపు కనిపించలేదు. నొప్పి మొదలయ్యాక సోడా తాగి, వాము నమిలి, గ్యాసేమోలే అని పడుకుని, తెల్లారాక ఆటో మాట్లాడుకుని బయల్దేరేవాళ్ల కాలాన్ని కూడా ఆ అధ్యయనం కొలిచింది. ఆసుపత్రిలో అడుగుపెట్టాక ఇంజెక్షన్ పడటానికి పట్టిన సమయం, మధ్యస్థంగా చూస్తే, 50 నిమిషాలు. నొప్పి మొదలైన క్షణం నుంచి ఆ ఆసుపత్రి గుమ్మం దాకా రావడానికి పట్టింది 360 నిమిషాలు.